గడ్డం ఎత్తి చూపేవాడు

మా మొయినాబాద్ పూల్ లీగులో చేవెళ్ల జట్టుకు ఆడిన జేసీబీ డ్రైవర్ ఒకడు ఇప్పటికీ గుర్తొస్తాడు. పగలంతా చిన్న మంగళారంలో ఫామ్‌హౌస్ ప్లాట్లు చదును చేసేవాడు. రెండు చేతులూ లీవర్ల మీద, చెవుల్లో ఇంజన్ మోత. అందుకేనేమో, ఏది చూపాలన్నా గడ్డం ఎత్తేవాడు.

పూల్ అంటే బల్ల మీద స్టిక్‌తో బంతుల్ని కొట్టి, మూలల్లో, పక్కల్లో ఉన్న పాకెట్లలో వేసే ఆట; అందులో చివరి నల్ల బంతిని ఏ పాకెట్‌లో వేస్తారో ముందే చెప్పాలి. చెప్పకుండా వేస్తే ఓటమి. అతను ఏడాదంతా గడ్డంతోనే చూపాడు. అంపైరునైన నేను ఒప్పుకుంటూ వచ్చాను.

ఫైనల్ మా మొయినాబాద్‌తోనే; అతని నల్ల బంతి పడగానే మా జట్టు ఆటగాడు లేచాడు.

"నోటితోటి చెప్పలే సార్! బుక్కు తీయుండ్రి."

"గడ్డం లేపిండు గదరా, నీ కండ్లు ఏడ వోయినయ్?" అన్నారు చేవెళ్లవాళ్లు.

నేను రాసిన నియమాల పుస్తకంలో 'చెప్పాలి' అనే ఉన్నది. కప్పు మొయినాబాద్‌కు ఇచ్చాను.

"రాసింది రాసినట్టే గద సార్" అని అతను స్టిక్ గోడకు ఆనించి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి, ఏడాదంతా ఒప్పుకుని ఫైనల్లో కాదన్న నా తప్పును డైరీలో రాసుకున్నాను. మరుసటి ఏడు సైగ కూడా చెల్లుతుందని నియమం మార్చి, అందరికీ చదివి వినిపించాను. మొదటి ఆటలోనే అతనికి నల్ల బంతి మిగిలింది. అందరం అతని గడ్డం వైపే చూశాం.

అతను బల్ల మీదికి వంగి, తల ఎత్తకుండానే, హాలంతా వినబడేలా అరిచాడు: "ఎడమ మూల!"