కొలతకు రెండు సూతులు ఎక్కువ

మా మామకు చెవులు సరిగా వినబడవు. ఎదురుగా నిలబడి అరిస్తే, మనం అరుస్తున్నామన్న సంగతి మాత్రం ఆయనకు తెలుస్తుంది. తాండూరులో బండలకు పాలిష్ పట్టే షెడ్డు నడుపుతూ, ఆ మిషన్ల పక్కనే జీవితంలో ఎక్కువ భాగం నిలబడ్డ మనిషి. చెవికి పెట్టుకునే మిషన్ ఒకటి కొనిపెట్టాం. దాన్ని పెళ్లిళ్లకు మాత్రం బయటికి తీస్తాడు, మంచి కండువాతో పాటు.

దీనివల్ల ఎక్కువగా నష్టపోయింది నా భార్య. పెళ్లయి వికారాబాద్ వచ్చాక తండ్రితో ఫోన్లో మాట్లాడే వీలు లేకుండా పోయింది. ఫోన్ అత్త ఎత్తుతుంది. "నాయిన తిన్నడు, పన్నడు, మంచిగున్నడు" అని వార్తలు చదివినట్టు చెప్పి పెట్టేస్తుంది. మెసేజ్ పెడితే మామ రెండు చేతులు జోడించిన బొమ్మ పంపుతాడు. బీపీ ఎంతుంది నాయినా అని అడిగినా అదే బొమ్మ, వర్షం పడిందా అని అడిగినా అదే బొమ్మ.

వాళ్లిద్దరూ మాట్లాడుకునే దారి చివరికి ఒక కంప్యూటర్ ఆటలో దొరికింది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నా భార్య తనే విడిభాగాలు కొని బిగించుకున్న గేమింగ్ కంప్యూటర్ పుట్టింట్లోనే ఉండిపోయింది. వికారాబాద్‌లో మాకు వేరొకటి ఉంది. ఒకసారి తాండూరు వెళ్లినప్పుడు ఆమె ఆయనకు లారీలు నడిపే ఆట నేర్పింది. అన్నేళ్లుగా లారీలకు బండలు ఎక్కించి, అవి రోడ్డెక్కగానే వెనక్కి తిరిగి షెడ్డులోకి పోయిన మనిషి. ఆ లారీలు ఎక్కడెక్కడికి పోతాయో ఎన్నడూ చూడలేదు. ఆ రోజు కీబోర్డు ముందు కూర్చున్నవాడు అన్నానికి పిలిస్తే లేవలేదు. వినబడలేదని తర్వాత చెప్పాడు. ఆ సాకు ఆయనకు ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది.

అప్పటినుంచి ఆదివారం పొద్దున ఆమె ఇక్కడ, ఆయన అక్కడ. ఇద్దరి లారీలూ ఏదో చల్లటి దేశపు రోడ్ల మీద ఒకదాని వెనక ఒకటి పోతాయి. దారి ఆమెకు తెలుసు కాబట్టి ముందు బిడ్డ, వెనక నాయిన. మధ్యలో పెట్రోలు బంకు దగ్గర ఆపుకుంటారు. అక్కడ ఆయన ఒంటి వేలితో, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు టైపు చేస్తాడు. ఫోన్లో చేతులు జోడించే మనిషి ఇక్కడ పేరాలు పేరాలు రాసేవాడు. లారీ ఆగి ఉంది కదా, ఊరికే కూర్చుంటే తోచదేమో. కందులు ఈసారి ఎట్లా ఉన్నాయో, షెడ్డులో ఎవరితో ఎవరికి పడటం లేదో, చిన్నప్పుడు ఆమెను భుజాన వేసుకుని యాలాల్ పోయినప్పుడు దారి పొడుగునా ఆమె ఏమేం అడిగిందో. ఆమె చదువుతూ నవ్వేది. ఒక్కోసారి నవ్వకుండా చాలాసేపు తెరవైపే చూస్తూ ఉండేది. పక్క గదిలో కూర్చున్న నాకు, ఈ ఇంట్లో నా పేరు మీద కూడా ఒక లారీ ఉంటే బాగుండుననిపించేది.

పోయిన వానాకాలం ఆ ఆటకు కొత్త అప్‌డేట్ వచ్చింది. అందులో వాన మరీ నిజంలా కురవడం మొదలుపెట్టింది. మామ కంప్యూటర్‌లోని పాత గ్రాఫిక్స్ కార్డు ఆ వానకు తట్టుకోలేకపోయింది. బొమ్మ ఆగి ఆగి దూకేది. మలుపులో ఆగిన బొమ్మ మళ్లీ కదిలేసరికి లారీ ఎవరి పొలంలోనో ఉండేది. ఆమె తర్వాతి బంకు దగ్గర ఆపుకుని ఎదురుచూసేది. కొన్ని వారాలు అట్లా గడిచాక ఆయన టైపు చేశాడు: "నువ్వు పో బిడ్డా. నాకు ఇగ వద్దు. కండ్లు గుంజుతున్నయ్."

ఆయన కళ్లు శుభ్రంగా ఉన్నాయని ఆమెకు తెలుసు. తన కోసం బిడ్డ ప్రతిసారీ ఆగాల్సి రావడం ఆయనకు చిన్నతనంగా ఉంది, అంతే. తర్వాతి ఆదివారం ఆమె ఒక్కతే ఆటలోకి వెళ్లి, బంకు దగ్గర లారీ నిలిపి, ఇంజిన్ ఆపకుండా కూర్చుంది. నేను తెచ్చిపెట్టిన ఉప్మా చల్లారింది. ఆయన రాలేదు.

"నువ్వు కంప్యూటర్ సైన్సే గద చదివింది," అన్నది లేచి వచ్చి.

"చదవలే. పాసైన."

"ఏదో ఒకటి. నాయినకు కార్డు సూడు."

"కొత్త కంప్యూటరే కొనిద్దాం."

"ఒద్దంటడు. అది నా బిడ్డ జేసిన కంప్యూటర్ అంటడు. అమ్మ దాని మీద దుమ్ము తుడిస్తె గూడ లొల్లి పెడ్తడు."

అట్లా ఆ పని నా నెత్తిన పడింది. ఒక వారమంతా ఆఫీసు నుంచి రాగానే కార్డుల గురించి చదివాను. వానను బాగా చూపించే కార్డు కరెంటు విపరీతంగా తాగుతుంది. కరెంటు తక్కువ తాగేదానికి వాన చూపించే ఓపిక ఉండదు. రెండూ కుదిరినదాన్ని పెడితే, ఆ పాత కంప్యూటర్ దాని వేగం అందుకోలేక ఆయాసపడుతుందని చదివాను. చదివిన కొద్దీ నాకు తెలిసింది తగ్గుతూ వచ్చింది. చివరికి బస్టాండు దగ్గర రిపేర్ల దుకాణం నడిపే భాయ్ దగ్గరికి పోయాను.

"జర ఇను సాబ్," అన్నాడు. "మీ మామది పాత ఎస్‌ఎంపీఎస్." అంటే లోపల అన్నింటికీ కరెంటు పంచే డబ్బా. "దానికి పెద్ద కార్డు తగిలిస్తె కార్డు నడుస్తది, కంప్యూటర్ నడవది. గీ రెండిట్ల ఒకటి తీస్కో."

రెండింటి లోపలి సరుకు ఒకటే. ఒకటి పొట్టిది, ఒక ఫ్యానుది. రెండోది పొడుగుది, రెండు ఫ్యాన్లది.

"తాండూర్ దుమ్ముల ఒక్క ఫ్యాన్ ఏం సరిపోతది? పొడుగుది తీస్కో. చప్పుడు గూడ తక్కువ."

"చప్పుడుతోని ఫికర్ లేదు భాయ్."

"అయితె లోపల జాగ ఎంతున్నదో కొలిపియ్యి."

మామకు మెసేజ్ పెట్టాను. కంప్యూటర్ డబ్బా పక్క రేకు తీసి, వెనక గోడ నుంచి ముందరి బిగింపు దాకా ఎంత ఉందో టేపుతో కొలిచి చెప్పమన్నాను. ఈసారి చేతులు జోడించలేదు. కొలత అడిగితే జవాబివ్వకపోవడం ఆయన వృత్తికి అవమానం. వెంటనే వచ్చింది: పదకొండు ఇంచుల ఒక సూతు. సూతంటే ఇంచులో ఎనిమిదో వంతు, బండల పనివాళ్ల లెక్క. పొడుగు కార్డు సరిగ్గా పదకొండు ఇంచులు. ఒక సూతు మిగులుతుంది. సరిగ్గా కొలిచారా అని మామను అడిగే అల్లుడు మావైపు ఇంకా పుట్టలేదు. కార్డు కొన్నాను.

ఆదివారం పొద్దున తాండూరు రైలెక్కాను, పెట్టెను ఒళ్లో పెట్టుకుని. నా భార్య రాలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటే ఇక లారీలు నడపడం దేనికి? వికారాబాద్‌లోనే కంప్యూటర్ ముందు కూర్చుంటానన్నది.

మామ గది ఊడ్చి, బల్ల తుడిచి సిద్ధంగా ఉన్నాడు. కండ్లు గుంజుతున్నాయన్న మాట ఎత్తలేదు. పాత కార్డు తీశాను. దానితో పాటు తాండూరు బండల పొడి ఒక దోసెడు వచ్చింది. కొత్తది పెట్టబోయాను. పోలేదు. ఏటవాలుగా పెట్టాను. పోలేదు. ముందరి వైపు డిస్కులు బిగించుకునే ఇనుప చట్రం అడ్డం వస్తోంది. టేపు తీసుకుని కొలిచాను. పది ఇంచుల ఏడు సూతులు. ఒక్క సూతు తక్కువ.

"మామా," అని ఆయన చెవి దగ్గర అరిచాను. "పదకొండు మీద ఒక సూతు అన్నరు గద."

"అవు. ఉన్నది పది మీద ఏడు. రెండు సూతులు కలిపి చెప్పిన."

"ఎందుకు?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఎందుకేంది అల్లుడా? కోతల ఒక సూతు పోతది, పాలిష్‌ల ఒక సూతు పోతది. కలపకుంటె పొట్టిగ రాదా?"

ఈ కార్డును దారిలో ఎవరూ కోయరనీ, పాలిష్ పట్టరనీ చెప్పి లాభం లేదు. ఆయన లెక్కలో కలపకుండా చెప్పిన కొలత అంటే అవతలివాణ్ని మోసం చేసినట్టు.

మా అత్త అల్లుడితో నేరుగా మాట్లాడదు. అది వాళ్లింటి మర్యాద. నాకు చెప్పాల్సింది మామకు చెబుతుంది. మామకు వినబడదు కాబట్టి గట్టిగా చెబుతుంది. ఆ విధంగా నాకే కాక వీధి మొత్తానికీ తెలుస్తుంది.

"పట్నంల చదువుకున్నోళ్లు గూడ ఇంకోపారి అడిగి తెల్సుకోవద్దా అంటున్న," అన్నది మామతో, చాయ్ గ్లాసు నా ముందు పెడుతూ.

భాయ్‌కి ఫోన్ చేశాను. "సీల్ తీసినంక వాపస్ ఉండది సాబ్. అయినా కార్డుకు ఏం తక్కువ? డబ్బ చిన్నగైంది," అన్నాడు.

మామ కార్డును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీన్ని కోయొస్తదా?"

రాదని తల ఊపాను.

"డబ్బను?"

ఆయన అప్పటికే ఆ చట్రాన్ని పనివాడి కళ్లతో చూస్తున్నాడు. అయితే ఒక్కసారి ఆగాడు. డబ్బా పక్కన, కాలేజీ రోజుల్లో ఆమె అంటించిన స్టిక్కరు సగం చినిగి ఉంది. దాన్ని బొటనవేలితో ఒకసారి నొక్కి అంటించాడు.

"బిడ్డను అడుగు ముందు," అన్నాడు.

'మీ నాయిన నీ కంప్యూటర్‌ను కోస్తనంటుండు' అని మెసేజ్ పెట్టాను. ఎక్కడ కోస్తాడో ఫొటో పంపమన్నది. పంపాను. కాసేపటికి జవాబు వచ్చింది: 'సరే. ఎంత సేపైనా కానీ, నేను బంకు దగ్గరనే ఉన్న అని చెప్పు.'

ఆ తెరను ఆయన కళ్ల ముందు పెట్టాను. చదివి, చొక్కా చేతులు పైకి మడిచాడు.

లోపలి భాగాలన్నీ ఊడదీసి, కడిగిన బండ మీద వరసగా పెట్టి, అత్త పాత చీర కప్పాను. ఖాళీ డబ్బాను షెడ్డుకు మోసుకుపోయాం. ఆదివారం కాబట్టి మిషన్లు ఆగి ఉన్నాయి. ఆయన కొలిచి గీత గీశాడు, చేతి కట్టర్‌కు ఇనుము కోసే బ్లేడు మార్చాడు. ఆ తర్వాత అలవాటుగా నీళ్ల పైపు అందుకున్నాడు. బండ కోసేటప్పుడు నీళ్లు పోస్తూ ఉండాలి కదా. నేను డబ్బాకు అడ్డంగా రెండు చేతులు చాపి నిలబడ్డాను. ఆయనకు నవ్వొచ్చింది. పైపు పక్కన పడేశాడు.

కోయడం త్వరగానే అయిపోయింది. కోసిన అంచును నున్నగా చేయడానికే చాలాసేపు పట్టింది. ఎవరికీ కనబడని చోటు. ఇంత దేనికి మామా అని సైగ చేశాను.

"దుమ్ము తీయనీకె బిడ్డ చెయ్యి పెడ్తది గద, కోస్కపోతది," అన్నాడు, వేలితో అంచు తడుముతూ.

అన్నీ మళ్లీ బిగించాం. కార్డు కూర్చుంది. మీట నొక్కేటప్పుడు మాత్రం నేను పాసైన సంవత్సరాలన్నీ ఒకసారి గుర్తు చేసుకున్నాను. తెర వెలిగింది. ఆటలోకి వెళ్లి, పాత కార్డు కోసం కిందికి దించి పెట్టుకున్న బొమ్మల అమరికలన్నీ ఒక్కొక్కటిగా పైకి జరిపాను. అక్కడ వాన కురుస్తోంది. తడిసిన రోడ్డు మీద దీపాలు మెరుస్తున్నాయి. మామ లారీ కదిలింది. మలుపు తిరిగింది. రోడ్డు మీదే ఉంది.

బంకు దగ్గర ఆమె లారీ కనబడగానే ఆయన హెడ్‌లైట్లు ఆర్పి వెలిగించాడు. ఆమె ముందుకు కదిలింది. ఆయన వెనకే పోనిచ్చాడు. కాస్త దగ్గరికి పోయేసరికి మామ తెర మీదికి వంగాడు.

ఇన్నాళ్లూ ఆ తెర మీద ఆమె లారీ ఒక పచ్చ డబ్బా మాత్రమే. వెనక తలుపు మీద ఏదో తెల్లటి మరక ఉండేది. బురద అనుకున్నానని తర్వాత చెప్పాడు. ఇప్పుడు అవి అక్షరాలని తెలుస్తోంది. లోకంలో లారీలన్నీ వెనక హారన్ కొట్టమని రాసుకుని తిరుగుతాయి. ఆమె లారీ వెనక, తెల్లరంగులో, తెలుగులో ఇట్లా ఉంది:

హారన్ వద్దు. వెనక మా నాయిన వస్తుండు.

ఆయన పెదవులు కదిలిస్తూ చదివాడు. నావైపు చూశాడు. "ఎప్పుడు రాసింది?"

"తెల్వదు మామా," అన్నాను. గొంతు పెంచడం మరిచిపోయాను గానీ ఆయనకు అర్థమైంది.

మళ్లీ తెరవైపు తిరిగాడు. ముందు రోడ్డు ఖాళీగా ఉంది, లారీలో శక్తి ఉంది, కావాలంటే ఆమెను దాటిపోవచ్చు. ఆయన వేగం తగ్గించాడు. ఆ అక్షరాలు చదవడానికి ఎంత దూరం కావాలో అంత దూరంలో నిలుపుకుని, అట్లాగే పోనిచ్చాడు. లోపలి నుంచి అత్త అన్నానికి కేకేసింది. ఆయనకు వినబడలేదు. ఈసారి నేనూ విననట్టే కూర్చున్నాను.

నా ఫోన్ మోగింది.

"ఏమైంది?" అన్నది నా భార్య. "కార్డు పన్జేస్తలేదా? నాయిన ఎందుకు గంత మెల్లగ వస్తుండు?"

"కార్డు మస్తు పన్జేస్తున్నది," అన్నాను. "నువ్వు పోనియ్యి."