అత్త తొమ్మిదిసార్లు పలికిన పేరు

పోయిన వారం కార్డు పనికని మనవరాలు నన్ను షేర్ ఆటోలో ఎక్కించుకొని ఆఫీసుకు తీసుకుపోయింది. కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండానే "పాట్టి, మీ వీట్టుకారర్ పేరు?" అని అడిగింది. ఇంటాయన పేరు చెప్పమని. నేను నోరు తెరవలేదు, చెయ్యి చాచాను. ఆ పిల్ల నా మనవరాలి వంక చూసింది. "పెన్ను ఇవ్వండి, మా అవ్వ రాసిపెడుతుంది" అంది మనవరాలు. రాశాను. తొమ్మిది ఇంగ్లీషు అక్షరాలు, ఒక్కొక్కటి వేరుశనగ కాయంత, కాగితం మీది గడులు దాటిపోయేలాగా. సరిచూసుకోవడానికి ఆ అమ్మాయి పేరును పైకి చదివింది. అంతే, వెనక వరుసలో వాళ్ళు గొణుక్కుంటున్నా కిటికీ ఊచ పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను. ఇంటికి వచ్చినప్పటి నుంచి మనవరాలు పట్టిన పట్టు వదలడం లేదు, నీకు ఇంగ్లీషు ఎవరు నేర్పారో చెప్పు, రాసుకుంటానని. సరే, నేను చెబుతున్నాను, తను రాస్తోంది. నాది బొంగురు గొంతు, మధ్యమధ్య దగ్గు వస్తుంది. దగ్గులు రాయొద్దని ముందే చెప్పాను.

నేను చోళపురం పిల్లను. పధ్నాలుగో ఏట రాజపాళయంలో ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మాది సేద్యం చేసుకునే కుటుంబం. ఇంట్లో మాట తెలుగు, బడిలో రాత తమిళం. ఆ బడి కూడా నాకు మూడో తరగతితో సరి. అందుకే తెలుగు నాకు నోటికే వచ్చు, చేతికి రాదు. తమిళ అక్షరాలు మాత్రం కూడబలుక్కొని రాయగలను. ఆయన పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలో లారీ తోలేవాడు. యుద్ధం ముదిరాక పట్టాళంలో లారీ తోలేవాళ్ళు కావాలన్నారు, ఆయన పేరిచ్చి వచ్చాడు. ఆ సంగతి తల్లికి చెప్పాడు, అన్నకు చెప్పాడు, నాకు మాత్రం వంటింటి గోడ చెప్పింది. అక్కడ బూట్లు ఇస్తారట, అందుకని పోయేనాడు తన తోలు చెప్పులు గడప పక్కన విడిచి, వట్టి కాళ్ళతో రైలెక్కాడు. ఆ చెప్పులు అట్లా జతగా, వీధి వైపు తిరిగి ఉండేవి. ఎలుకలు కొరుకుతాయని నేను వాటిని గుడ్డలో చుట్టి ఉట్టిలో పెట్టాను. పెరుగు కుండ పక్కన చెప్పులు చూసి మా అత్త వారం రోజులు నాతో మాట్లాడలేదు. కానీ తీయమనీ అనలేదు.

ఆయనకు ఉత్తరాలు రాసేది మా బావగారు. తిన్నె మీద కూర్చొని, రాసే ప్రతి మాటా పైకి పలుకుతూ రాసేవారు. సత్రపట్టి చేను, బావిలో నీళ్ళు, ఎర్రావు ఈనిన సంగతి, మిల్లులో ఎవరికి పని దొరికిందో అదీ. చివర్లో చోటు మిగిలితే 'ఇక్కడ అందరూ క్షేమం' అని ముగించేవారు. ఆ 'అందరూ' అన్న మాటలో నేనున్నాను. తలుపు వెనక నిలబడి ఆ మాట కోసం వినేదాన్ని. అది రాగానే లోపలికి పోయి పొయ్యి చూసుకునేదాన్ని. నా అంతట నేను ఒక ఉత్తరం రాయాలని ఉండేది. లోపలిది ఎట్లాగో తమిళ అక్షరాల్లో మన తెలుగు మాటలు పెట్టి రాయొచ్చు. పైన విలాసం మాత్రం ఇంగ్లీషులో ఉంటేనే పట్టాళానికి చేరుతుందని బావగారే అనగా విన్నాను. ఆయన్ను అడిగితే లోపల ఏముందో చూడకుండా కవరు అంటించరు.

మా పక్కింట్లో ఆస్పత్రి కాంపౌండరు కుటుంబం ఉండేది, కిరస్తానీలు, తిరునల్వేలి వైపు వాళ్ళు. ఆయన భార్య పెళ్ళికి ముందు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. మా వీధంతా ఆమెను టీచరమ్మ అనేవాళ్ళం. ఆమె మాతో ఉండి ఉండి తెలుగు పట్టుకుంది, కాళ్ళూ చేతులూ తమిళం, మొండెం తెలుగు. మధ్యాహ్నం గంజి తాగడాలు అయ్యాక మా పెరటి వసారాలోకి వచ్చి, నాకూ ఎదురింటి కోడలికీ ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టింది. అక్షరాలతో కాదు. చెంబు చేతికిచ్చి దాని పేరు చెప్పేది, పట్టుకున్నంతసేపూ మేము ఆ మాట అంటూనే ఉండాలి. చేట, చీపురు, రోలు, దూడ, అన్నీ అయ్యాయి. మాట మరిచిపోతే వస్తువు కింద పెట్టనిచ్చేది కాదు. ఒకనాడు నీళ్ళ బిందె మోస్తూ ఎదురింటి కోడలు మాట మరిచింది, చెయ్యి పడిపోయేదాకా మోసింది. ఆ మాట చచ్చేదాకా మరవలేదు. మా అత్త అదే వసారాలో ఇంకో మూల కూర్చొని పత్తికాయలు ఒలుచుకుంటూ ఇదంతా చూసేది.

"ఏమ్మా టీచరమ్మా, కుండను కుండ అంటే నీళ్ళు నిలవవా?" అనేది.

"నిలుస్తాయి పెద్దమ్మా. మీరూ ఒక మాట సొల్లి చూడండి."

"నాకెందుకు తల్లీ. నా నోట్లో ఉన్న పళ్ళకు తెలుగే ఎక్కువ."

తర్వాత అక్షరాలు వచ్చాయి. పలక లేదు. వసారా గచ్చు మీద ముగ్గుపిండితో రాసేదాన్ని. నా చేతికి తెలిసింది ముగ్గే కనుక ముందు చుక్కలు పెట్టి తర్వాత కలిపేదాన్ని. టీచరమ్మ నవ్వి, ఇట్లా రాసేవాళ్ళను నేనెక్కడా చూడలేదంది. సాయంత్రానికి చీమలు సగం అక్షరాలు మోసుకుపోయేవి. బావగారు అవి ముగ్గులే అనుకొని, తొక్కకుండా గోడ వారగా నడిచిపోయేవారు. పాపం, రోజూ ఇంగ్లీషుకు దారి ఇచ్చిన మనిషి ఆయన.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ప్రశ్నలు జవాబులు నేర్పేటప్పుడు. నీ పేరేమిటి అంటే చెప్పాము. మీ ఊరేది అంటే చెప్పాము. నీ భర్త పేరేమిటి అని అడిగేసరికి ఇద్దరమూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నాము. పెనిమిటి పేరు నోట పలికితే ఆయన ఆయుస్సు తరుగుతుందని మాకు ఉగ్గుపాలతో పోసిన మాట. మామూలు రోజుల్లోనే అనని పేరు, ఆయన తుపాకుల మధ్య లారీ తోలుతుంటే ఎట్లా అంటాను? టీచరమ్మకు అర్థం కాలేదు. "మా ఆయన పేరు నేను రోజుకు పదిసార్లు పిలుస్తాను. గుండ్రాయిలాగా ఉన్నాడు కదా" అంది. "మీ దేవుడు వేరమ్మా, ఆయన చూసీచూడనట్టు పోతాడు" అంది మా అత్త. అని, పత్తికుప్ప వెనక నుంచి తనే కొడుకు పేరు పలికింది. తల్లికి ఆ అడ్డు లేదు కదా. ఆనాటి నుంచి అదే ఏర్పాటు. టీచరమ్మ నన్ను ప్రశ్న అడుగుతుంది, నేను జవాబు మొదలుపెట్టి పేరు దగ్గర ఆగుతాను, అత్త పేరు అందిస్తుంది. ఎదురింటి కోడలికి కూడా ఆమే అందించేది. "వాణ్ణి చంకనెత్తుకొని తిప్పినదాన్ని, నేనంటే తప్పేంది" అనేది. వద్దంటూనే మా అత్త ఆ పాఠంలో మూడో మనిషి అయిపోయింది.

ఆరు నెలలకు ఉత్తరం రాశాను. నాలుగు వరుసలు. మీ చెప్పులు ఉట్టిలో భద్రంగా ఉన్నాయి, ఎలుకలు ముట్టలేదు అన్నది అందులో ముఖ్య విషయం. ఇంకేం రాయాలో నాకు తెలియలేదు, రాయాలనుకున్నది చేతికి రాలేదు. విలాసానికి, పట్టాళం నుంచి ఆయన అన్నకు రాసి పంపిన చీటీ బావగారి పెట్టెలో నుంచి తీసి ముందర పెట్టుకున్నాను. మొదటి వరుస ఆయన పేరు. చెయ్యి ఆగిపోయింది. నోటితో అంటే దోషమైతే చేత్తో రాస్తే కాదా? ఎవరిని అడగను? రెండో వరుస నుంచి మొదలుపెట్టాను. పట్టాళంలో ఆయనకిచ్చిన నంబరు, దళం, అన్నీ ముత్యాల్లాగా రాశాను. నంబరుంటే చాలదా, ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చి ఉంటారా అనుకున్నాను. టీచరమ్మకు కూడా చూపించకుండా పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.

మూడు నెలలకు ఆ కవరు తిరిగి వచ్చింది. ఒళ్ళంతా ముద్రలు, మీద ఎర్ర సిరాతో ఏదో రాత. తపాలాయన దాన్ని అత్త చేతిలో పెట్టి "పోయిన తపాలు తిరిగొచ్చినాదమ్మా, చూపించుకోండి" అని పోయాడు. పట్టాళం నుంచి ఎర్ర రాతతో తిరిగొచ్చిన కాగితం అంటే, పుచ్చుకోవడానికి మనిషి లేడని మా వీధిలో అందరికీ తెలుసు. అప్పటికే పై వీధిలో ఒక ఇంటికి అట్లాగే వచ్చింది. అత్త ఏడవలేదు. పత్తి మీద అట్లాగే కూలబడింది, చేతిలో సగం ఒలిచిన కాయ. నేను కవరు గుర్తుపట్టాను. కానీ ఆ ఎర్ర రాతలో ఏముందో నాకు తెలియదు. నేర్చుకున్న ఇంగ్లీషంతా చెంబు, చేట, దూడ. గోడ దూకినంత పని చేసి టీచరమ్మను పిలుచుకొచ్చాను.

ఆమె కవరు వెలుతురుకు పెట్టి చదివింది. ఇంకోసారి చదివింది.

"ఒన్నూ ఇల్లె పెద్దమ్మా, ఏమీ కాలేదు. విలాసంలో పేరు లేదు. అందుకని తిప్పినారు, అంతే."

"పేరు లేకుండా ఎవరు రాసినారు?" అంది అత్త. అత్త నా వైపు తిరిగింది. "నువ్వా? పేరెందుకే పెట్టలేదు?"

"మీకు తెలుసు గదా అత్తా."

ఆమె కొంగుతో మొహం తుడుచుకొని, "నా కొడుకు ఆయుస్సు కాపాడబోయి నా ఆయుస్సు తీసినావు గదే" అంది. అని నవ్వింది. ఆ నవ్వులోనే ఏడుపు వచ్చింది. అప్పుడు ఏడ్చింది. ఏడ్చి లేచి, కొత్త కవరు తెమ్మంది. "నేను పలుకుతాను, నువ్వు రాయి. దోషముంటే చెరి సగం. నా సగం తల్లి సగం, అంటదు."

పలికింది. నేను మొదటి అక్షరం రాసి ఆగాను. ఆగానని ఆమె మళ్ళీ పేరంతా పలికింది. ఇంగ్లీషులో ఒక పేరుకు ఎన్ని అక్షరాలు పడతాయో ఆమెకు తెలియదు. ఒక్కో అక్షరానికీ ఒక్కోసారి పేరు పలకాలేమో అనుకుంది. టీచరమ్మ ఏదో చెప్పబోయి ఊరుకుంది. తొమ్మిది అక్షరాలు, తొమ్మిదిసార్లు. మొదట తపాలాయనకు చెప్పినట్టు గట్టిగా పలికింది. నాలుగైదుసార్లయ్యాక గొంతు మారింది. అన్నానికి పిలిచినట్టు ఒకసారి, వీధిలో ఆడుకుంటుంటే కేకేసినట్టు ఒకసారి, చివరిది ఊయల్లో బిడ్డను లేపకుండా చూసుకుంటున్నట్టు. నా పెళ్ళినాడు కూడా ఆ పేరు నేను అంత దగ్గరగా వినలేదు.

రెండు నెలలకు బావగారి పేరిట కార్డు వచ్చింది. క్షేమం, ఎండలు, లారీ టైర్లు. చివర్లో ఒక్క మాట, 'చెప్పులు జాగ్రత్త'. బావగారు కార్డు తిప్పి తిప్పి చూశారు. "ఏ చెప్పులు? ఎండ తలకెక్కినట్టుందే వీడికి" అన్నారు. నేనూ అత్తా పత్తిలో తలలు దాచుకున్నాము.

ఆయన తిరిగి వచ్చాడు. ఉట్టిలోని చెప్పులు ఎండి చెక్కలైపోయి, వేసుకున్న రెండో అడుగుకే పటుక్కున విరిగాయి. మిల్లులో లారీ తోలాడు, పిల్లలు పుట్టారు. ఆయన రేకు పెట్టెలో ఆ కవరు ఉండేది, ఎవరు రాసింది అని ఏనాడూ అడగలేదు. కొన్నేళ్ళకు అత్త పోయింది. దినాలన్నీ అయ్యాక ఆయన తిన్నె మీద కూర్చొని, ఎటో చూస్తూ "ఇంక నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరున్నారు" అన్నాడు. ఇంట్లో అందరికీ ఆయన నాయన, చిన్నాయన, మామ. బావగారికి 'ఒరేయ్'. నాకు నోరుంది. ఆ ఒక్కసారైనా అని ఉండవలసింది. అనలేదు. మర్నాడు పొద్దున గడప ముందు ముగ్గుపిండితో ఆ తొమ్మిది అక్షరాలు రాశాను. ఆయన బయటకు వచ్చి చూసి, చెప్పులు చేత్తో పట్టుకొని, వాళ్ళన్నలాగానే గోడ వారగా నడిచి వెళ్ళాడు.

ఇప్పుడు ఆయనా లేడు. ఇప్పుడు అంటే దోషం లేదు, తరగడానికి ఆయుస్సు లేదు కదా. అయినా నాలుక తిరగదు. అలవాటు లేని మాట. అందుకే మొన్న ఆ కిటికీ దగ్గర, వెనకవాళ్ళు తిట్టుకుంటున్నా కదలకుండా, "ఇంకొకసారి చదవమ్మా" అన్నాను. తప్పేమైనా పడిందేమో అనుకొని ఆ పిల్ల శ్రద్ధగా, మెల్లగా, మళ్ళీ చదివింది. ఆ పేరు రాయడానికి నాకు అరనిమిషం చాలు, అత్త పోయాక దాన్ని మళ్ళీ వినడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది.