అమ్మ వదిలిన మెలిక

"ముగ్గు కోసం రైలెక్కే మనిషిని నిన్నే చూశాను" అన్నారు మా వారు, బెజవాడ స్టేషనులో పెట్టె దించుతూ. అననీయండి. నాలుగు రోజులు సెలవు పెట్టి వెంట వస్తున్నారు, ఆ మాత్రం సణుగుడు ఆయన హక్కు.

సంగతి ఇది. మా బెజవాడ ఇంటి ముందు సిమెంటు గచ్చు. బజారులో అమ్మే రంగుపొడులు ఏడు డబ్బాలు, అచ్చువేసిన ముగ్గుల పుస్తకం, కన్నాలు పొడిచిన రేకు గొట్టం, అన్నీ ఉన్నాయి నాకు. గొట్టం దొర్లిస్తే తీగ దానంతటదే పడుతుంది. వీధిలో అందరూ మెచ్చుకునేవారే. కాని పోయిన మా అమ్మ రోజూ పెట్టే పదకొండు చుక్కల మెలికల ముగ్గు మాత్రం నాకు రావడం లేదు. గీత ఒక్కటే, ఎత్తకుండా తిరిగి మొదటికి రావాలి. నాదెప్పుడూ ముందే మూసుకుపోయి మూడు చుక్కలు బయట మిగిలేవి. అమ్మ పోయి మూడేళ్ళు. ఆ ముగ్గు తెలిసిన మనిషి ఇంకొక్కరే ఉన్నారు, నర్సీపట్నంలో మా పుట్టింటి పక్కింట్లో ఉండే మా సూరమ్మ పిన్ని. ఆవిడ కళ్ళకు పొరలు కమ్ముతున్నాయని ఉత్తరం వచ్చింది. ఇక ఆగలేకపోయాను.

రైలు రాత్రి ఎనిమిదింటికి కదిలింది. ఆడవాళ్ళ పెట్టెలో చోటు బాగానే దొరికింది. పులిహోర తిని పడుకుంటే తెల్లవారుతుండగా తునిలో మెలకువ వచ్చింది. ఎదురుబల్ల మీది పెద్దావిడ నా డబ్బాలు చూసి, "ఏటమ్మా అయ్యి, మందులా?" అని అడిగింది. ముగ్గురంగులంటే నోరు నొక్కుకుంది. "వరిపిండి కరువైపోనాదేటి మీ ఊళ్ళో!"

వెళ్ళదలచిన వారికి ఒక మాట. మనం దిగే స్టేషను పేరు నర్సీపట్నం రోడ్డు. ఉన్నది రోడ్డే, ఊరు కాదు. ఊరికి ఇంకా చాలా దూరం. మోటారు బస్సు ఒకటుంది గాని దాని ఇష్టం దానిది. ఆరున్నరకు దిగితే తొమ్మిదింటికి వచ్చింది. స్టేషను బయట ఇడ్లీలు బాగున్నాయి, చట్నీ కారం. మాఘమాసం కదా, దారి పొడుగునా బెల్లం వండే వాసన. ఆ వాసన తగిలేసరికి కిటికీలోంచి తల బయట పెట్టాను. మాకవరపాలెం దాటాక గాని లోపలికి తీసుకోలేదు.

ఊరి మొగలో పోలీసు జవాను బస్సాపి మూటలు విప్పించాడు. మన్యంలో అలజడి రోజులు. మా వారి చేతిలో ఉన్న నా నోటుపుస్తకం లాక్కుని తెరిచి, "ఏటండీ ఈ సుక్కలు? కొండదార్లా?" అన్నాడు.

"ముగ్గులండీ, మా ఆవిడవి."

జవాను ఆయన్ని కిందికీ పైకీ చూశాడు. "ఆవిడవైతే మీరెందుకు మోత్తన్నారండీ?" బస్సంతా నవ్వింది. ఆయన పుస్తకం నా ఒళ్ళో పడేసి కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

పిన్ని నన్ను గొంతు బట్టే పోల్చుకుంది. "వచ్చేసినావేటే బుల్లీ!" అని చెంపలు తడిమింది. బాబాయి గానుగ దగ్గర ఉన్నారట. ఆనపకాయ పులుసు, వేడి అన్నం పెట్టింది. చెయ్యి కడుక్కున్నానో లేదో పెన్సిలూ కాగితమూ తీసి కూర్చున్నాను. ఆవిడ చెబుతుంటే గీశాను, తప్పింది, రబ్బరుతో చెరిపాను. ఐదుసార్లు. ఆ గరగర విని పిన్నికి ఒళ్ళు మండింది.

"ఆ తుడుపుడేటే? తుడుసుకోవచ్చనుకుంటే సెయ్యి ఎందుకు కుదురుగుంటాది? పొద్దున్న పిండట్టుకుని రా. ఆ డబ్బాలూ గొట్టాలూ లోపలెట్టెయ్."

మర్నాడు కోడి కూయగానే లేపింది. వాకిలి ఊడ్చి కళ్ళాపి జల్లి, తిరగట్లో విసిరిన నూకపిండి దోసెడు తీసుకున్నాను. గొట్టానికి అలవాటుపడ్డ వేళ్ళు. చిటికెలోంచి పిండి ఒకచోట కుప్ప, ఒకచోట శూన్యం. ముగ్గు ఎప్పటిలాగే మూడు చుక్కలు వదిలి మూసుకుపోయింది. సిగ్గేసింది. పిన్ని వంగి వేళ్ళతో చుక్కలు తడిమింది.

"ఎక్కణ్ణుంచి ఎత్తుకున్నావు?"

"గడప పక్క మూలనుంచి. నాకు గుర్తున్నది అదే."

పిన్ని పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళొత్తుకుంది. "ఓసి పిచ్చిదానా! అది ముగింపే. సిన్నప్పుడు నువ్వు పేచీ పెడతావని మీ యమ్మ ముగ్గంతా పెట్టి, ఆ ఆఖరి మెలిక నీకొదిలీది. నువ్వు మూసీదానివి. మూసీ మెలికతో మొదలెడితే గీతకి దారేదే?"

నిజమే. నాకు వచ్చింది ఆ ఒక్క మెలికే. తక్కినదంతా అమ్మ చెయ్యి.

"మరోటి సెప్పనా?" అంది పిన్ని. "నువ్వు అత్తోరింటికి ఎల్లిపోనాక మీ యమ్మ ఆ మెలిక ముయ్యలేదు. పోయీదాకా ముయ్యలేదు. నువ్వొచ్చినప్పుడల్లా పొద్దున్నే ముగ్గెట్టి గడపలో కూకునీది. నిన్ను లేపుతానంటే లేపనిచ్చీది కాదు. 'పడుకోనీయే, అక్కడ దానికి నిద్దరెక్కడిది' అనీది."

పుట్టిల్లు కదా అని ఎండ మొహం మీదికి వచ్చేదాకా పడుకునేదాన్ని. లేచి, చెదిరిన ముగ్గు తొక్కుకుంటూ కాఫీకి వెళ్ళేదాన్ని. ఒక్కనాడు, ఒక్కనాడైనా కిందికి చూడలేదు. వాకిట్లోనే కూలబడి ఏడ్చాను. మా వారు బయటికొచ్చి చూసి, చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళారు.

మూడోనాడు పొద్దున్నే తిరుగు బస్సు. ఈసారి పిన్ని చూపించిన, గడప మూలకు తూర్పున ఉన్న చుక్కనుంచి ఎత్తుకున్నాను. తుడుపు లేదు, పుస్తకం లేదు. చిటికె, పిండి, ఊపిరి, అంతే. గీత పదకొండు చుక్కలూ చుట్టి గడప మూలకు వచ్చింది. ఒక్క చుక్కా మిగల్లేదు. ఇక ఆ మెలిక ఒక్కటే. అమ్మకు బాకీ పడ్డ మెలిక. వంగాను.

పిన్ని నా మణికట్టు పట్టుకుంది. ఆ కళ్ళకు ఎలా కనిపించిందో.

"ఉండనీ. మూసేత్తే మరి రావు నువ్వు."

బస్సు హారను కొట్టింది. "బేగి ఎల్లు" అంది గాని చెయ్యి వెంటనే వదల్లేదు.

రైల్లో సాయంత్రం రాజమండ్రిలో కాఫీ తాగాం. రంగుడబ్బాలు పిన్ని ఇంట్లోనే మరిచిపోయానని ఆయన గుర్తుచేస్తే, పోనీయండన్నాను. ఈ ప్రయాణంలో చూడదగ్గ వింతలేమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగింది తక్కువ. వాకిళ్ళు చూడండి, పొద్దున్నే లేచి చూడండి.

గోదావరి దాటుతుండగా మా వారు అరటిపండు అందించారు. "చెయ్యి తెరువు. పొద్దుటినుంచీ ఏమిటా పిడికిలి?"

తెరవలేదు. మెలిక ముయ్యడానికి తీసిన పిండి ఇంకా అందులోనే ఉంది.