మూత మీద బండ

మా మేనత్త అజాగ్రత్త వల్లే కాలి చనిపోయిందని మావాళ్లు చెప్తారు. నేనొప్పుకోను. కడపలో ఆమె అత్తగారింటి కుళాయి నీళ్లకు, స్నానానికి నీళ్లు కాచే రాగి బాయిలరు లోపల సున్నం గట్టిగా పేరుకుని, మూతలో ఆవిరి పోయే రంధ్రం కూడా పూడిపోయింది. పైగా వేడి ఆగాలని మూత మీద బండ పెట్టేవాళ్లు. ఆమె రోజూ ఆ బండ దించి, చెవి ఒగ్గి లోపలి చప్పుడు వినేది.

"బండ పెట్టాకండి, పేలుతాది."

"కట్టెలు మీ పుట్టింటోళ్లు పంపిస్తాండారా?" అనేది వాళ్లత్త.

ఆ పొద్దున కూడా బండ దించి, సెలవులకొచ్చిన నన్ను వెంటబెట్టుకుని పెరట్లోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి బాయిలరు గుడగుడలాడుతోంది. "దూరం పో పాపా!" అని నన్ను బయటికి తోసి, పొయ్యిలో కట్టెలు లాగేయడానికి వంగింది. మూతా బండా కలిసి ఎగిరాయి. మరిగే నీళ్లన్నీ ఆమె మీదే.

అజాగ్రత్తేనట! సరే, ఆమె దించిన బండను మళ్లీ మూత మీద పెట్టిందెవరు?