ఓట్ల బేరానికి జమానతు

“నువ్వసలు నాకు ఓటేసినవా?”

1957 ఎన్నికల ముందు, రాజురా తాలూకాలోని ఒక ఊరి చావడిలో ఎమ్మెల్యే బాపురావు నర్సక్కను అడిగిన ప్రశ్న ఇది. చుట్టూ ఊరంతా ఉంది. ఆమె తడుముకోలేదు.

“వెయ్యలే పటేలా. నీ ఎదురోని డబ్బల ఏసిన.”

“మరి నన్నెందుకు పట్టుకుంటున్నవ్?”

“గెలిచినోన్ని అడుగుతరు గని, ఓడినోన్ని ఏమడుగుతరు?”

జనం నవ్వారు. నర్సక్క నవ్వలేదు. ఆమెకున్న ఒక్క ఎడ్ల జత చేజారేలా ఉంది.

అయిదేళ్ల కిందట, హైదరాబాదు రాష్ట్రంలో మొదటి ఎన్నికలప్పుడు, బాపురావు ఇదే చావడిలో నిలబడి, గెలిపిస్తే ఏడాదిలో మంచినీళ్ల బావి తవ్విస్తానన్నాడు. ఇంకో ఊరైతే చప్పట్లు కొట్టి సాగనంపేది. ఇది మేకను కొన్నా జమానతు అడిగే ఊరు. అమ్మినవాడు మాట తప్పితే అతని తరఫున పూచీ పడ్డవాడు నష్టం కట్టాలి. ఓటు అడగడమూ బేరమే కదా అనుకున్నారు. “జమానతు ఎవలుంటరు?” అని ఊరి పెద్ద లచ్చయ్య అడిగాడు. ఎవరూ లేవకపోతే వచ్చినాయన చిన్నబుచ్చుకుంటాడని నర్సక్క పెనిమిటి పోశన్న చెయ్యెత్తాడు. మొహమాటానికి అంత ధర ఉంటుందని అతనికి తెలియదు.

బావి రాలేదు. ఆడవాళ్లు బిందెలతో వాగు దాకా నడుస్తూనే ఉన్నారు. 1956లో రాష్ట్రాలను విడదీసి కలిపినప్పుడు తాలూకా ఆదిలాబాదు జిల్లా నుంచి తెగి బొంబాయి రాష్ట్రంలో పడింది. చాందా జిల్లాలో చేరడానికి ఇంకా మూడేళ్లుంది. ఇక బావి మాట ఎవరికీ గుర్తుండదని ఊరికి అర్థమై పంచాయితీ కూర్చుంది. మిరుగు లోపల, అంటే తొలకరి వానలకు ముందే, బావి పడాలి, లేదంటే పోశన్న ఎడ్లమ్మి తవ్వించాలి. పోశన్న తల వంచుకుని సరేనన్నాడు. నర్సక్క అనలేదు. ఆ ఎడ్లను సంతలో పళ్లు చూసి, నడక చూసి, బేరమాడి కొన్నది ఆమె. అవి పోతే ఉన్న ఆరెకరాలూ పడావు పడతాయి. అందుకే బాపురావు మళ్లీ ఓట్లకు రాగానే ఎదురుగా వెళ్లి నిలబడింది.

“సర్కారే మారిపాయె నర్సక్కా,” అన్నాడు బాపురావు మెత్తగా. “హైదరాబాదు అసెంబ్లీయే లేకపాయె. గప్పటి మాట గిప్పుడెట్ల చెల్లుతది?”

“మా ఎడ్లు గూడ గా రాజ్యంల కొన్నయే పటేలా. బొంబాయి గడ్డి మేస్తున్నయని మావోళ్లు ఇడిచిపెడుతున్నరా?”

ఈసారి బాపురావూ నవ్వాడు. ఈ దఫా గెలిపించండి, బావి నా పూచీ అన్నాడు.

“నీ మాటకు నీ పూచీ ఏంది పటేలా?” అన్నాడు లచ్చయ్య. “జమానతు ఎవలుంటరో చెప్పు.”

ఎవరూ లేవలేదు. బాపురావు తన వెంట వచ్చినవాళ్ల వంక చూశాడు. వాళ్లు తమ చెప్పుల వంక చూసుకున్నారు. మొహమాటానికి పోశన్న చెయ్యి మళ్లీ కదిలింది. నర్సక్క దాన్ని పట్టి కిందికి గుంజింది.

“ఒక్కసారి పెట్టిన వాత మాననే లేదు, ఊకో!”

జమానతు దొరకని మనిషి ఆ ఊళ్లో మేకను కూడా అమ్మలేడు. అది బాపురావుకూ తెలుసు. కాసేపు మీసం దువ్వుకుని, బావి ఖర్చు మూడు వందలు సొంతంగా ఇస్తానన్నాడు. రెండు వందల పది అక్కడే లచ్చయ్య చేతిలో పెట్టి, మిగతాది ఓట్లయ్యాక పంపిస్తానన్నాడు.

“మిగిలినదానికి జమానతు?” అంది నర్సక్క.

“నన్ను సంపుతవా ఏంది?” అంటూ బండెక్కాడు.

ప్రజలు మేల్కొన్నారని రాసుకోదలచినవాళ్లు రాసుకోవచ్చు. ఎడ్లు పోతాయన్న భయం లేకపోతే నర్సక్క ఆ రోజు జొన్న కోతకు వెళ్లేది. ఇచ్చిన రెండు వందల పదితోనే తవ్వితే, మిరుగుకు వారం ముందు ముప్పై అడుగుల లోతున నీళ్లు పడ్డాయి. పోశన్న జమానతు తీరిందని ఊరు ఒప్పుకుంది. ఎడ్లు దుక్కికి వెళ్లాయి. మిగిలినదానికి జమానతు లేదని ఈ ఊరు వెయ్యకపోయినా, మిగతా ఊళ్ల ఓట్లతో బాపురావు గెలిచి బొంబాయి వెళ్లాడు. ఆ తొంభై రూపాయలు ఇంతవరకు పంపలేదు.