ఆరుగురిదీ ఒకే జవాబు

రాజ్యశ్రీని తిట్టకుండా నేను గడిపిన రోజు లేదు, తను లేకుండా టీ తాగిన రోజూ లేదు. మా యూనివర్సిటీ కాలేజీలో తను ఇంగ్లీషు చెబుతుంది, నేను తెలుగు. దమ్మపేట దగ్గర వాళ్లది సేద్యపు కుటుంబం. తాతగారు కోస్తా నుంచి వచ్చి అక్కడ భూమి కొన్నారు. ఓ ఏడు వాళ్ల నాన్న నకిలీ మిరప విత్తనాలు కొని నిండా మునిగారు. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ నమ్మరు. రాజ్యశ్రీ అయితే మరీను! కూరగాయలమ్మే కన్నమ్మ తక్కెడ ఎత్తి అడుగున చూస్తుంది. చీర బాగుందే అని నేనంటే, "ఏం కావాలి నీకు?" అంటుంది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా!

అలాంటి మనిషి చేతికి టచ్ బోర్డు వచ్చింది. గోడంత తెర, పిల్లలకు తలా ఒక చిన్న రిమోట్. తెర మీద ఇంగ్లీషు పేరా వస్తుంది, కింద ప్రశ్న, నాలుగు జవాబులు. ఎవరు ఏ బటన్ ఎప్పుడు నొక్కారో రాజ్యశ్రీ కంప్యూటర్లో కనపడుతుంది. రచయిత ఏమంటున్నాడు, దానికి ఏ ఆధారం చూపించాడు, అది నిలుస్తుందా లేదా, ఇదీ పాఠం. "మాట్లాడండర్రా, వాదించుకోండి" అని పాపం మొత్తుకునేది. ఎవరు వింటారు? గబుక్కున ఏదో ఒకటి నొక్కి కిటికీలోంచి బయటికి చూసేవాళ్లు.

ములకలపల్లి అవతలి అడవి పల్లెల నుంచి వచ్చిన ఆరుగురి తీరు మాత్రం వేరు. వెనక బెంచీల్లో కూర్చుని, కోయ మాటలో గుసగుసలాడి, అందరికన్నా ఆలస్యంగా, ఆరుగురూ ఒకే బటన్ నొక్కేవారు. వాళ్లలో పెద్ద పిల్ల ముత్తక్క.

"కాపీ కొడుతున్నారు శ్యామలా. ఆ ముత్తక్క చెబుతుంది, మిగతావాళ్లు నొక్కుతారు" అంది రాజ్యశ్రీ.

"పిల్లలన్నాక గుసగుసలాడరా?"

"నిప్పు లేందే పొగ రాదు."

ఓ రోజు పోడు సేద్యం మీద పేరా వేసింది. అడవి నరికి పోడు చేయడం వల్లే అడవంతా తరిగిపోతోందని దాని సారాంశం. మధ్యలో ఏవో అంకెలున్నాయి. రచయిత ఏ ఆధారం చూపించాడన్నది ప్రశ్న. క్లాసంతా 'లెక్కలు' అని నొక్కింది. బోర్డు ఒప్పనేదీ అదే. ఆరుగురు మాత్రం 'ఏ ఆధారమూ లేదు' అని నొక్కారు.

రాజ్యశ్రీ స్టాఫ్ రూములోకి దుమారంలా వచ్చిపడింది. "ఒప్పయితే ఆరుగురికీ ఒకటే రావచ్చు. తప్పు కూడా ఒకటే ఎలా వస్తుందే?" అంది. నిజం చెప్పొద్దూ, నాకూ కాస్త అనుమానం వచ్చింది.

మర్నాడు క్లాసులో హెచ్చరించింది. కాపీ కొట్టేవాళ్లను ప్రిన్సిపాల్‌కు పట్టిస్తానని, పరీక్ష రాయనివ్వరని, హాస్టల్ నుంచి కూడా పంపేస్తారని చెప్పింది. ముత్తక్క తల దించుకుందట. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుందని రాజ్యశ్రీ సంబరం. నాకు మాత్రం ఆ హాస్టల్ మాట నచ్చలేదు. వాళ్ల ఊరికి బస్సు లేదు. హాస్టల్ పోతే ఆ పిల్ల చదువు అక్కడితో సరి.

ఆ హెచ్చరికకు ముందే, క్లాసు మొదట్లో మళ్లీ అదే పేరా వేసి, తన ఫోను రికార్డింగులో పెట్టి, వెనక బెంచీ కింద దాచి ఉంచింది మహాతల్లి.

"సిగ్గు లేదూ నీకు?" అన్నాను.

"నాకు రుజువు కావాలి" అంది.

ఎకనామిక్స్ చెప్పే రామకృష్ణ సార్‌ది కూడా ములకలపల్లి వైపు కోయ పల్లె. రికార్డింగు ఆయనకు వినిపించాం. మొదట్లో ముసిముసిగా నవ్వాడు. పోనుపోను ఆ నవ్వు పోయింది.

"జవాబులు చెప్పుకుంటలేరు మేడం, కొట్లాడుతున్నరు. నిన్న బోర్డు తప్పన్నది, లెక్కలున్నయి గదా అంటడు ఒక పిలగాడు. గా లెక్క తరిగిన అడవి మొత్తానిది, అండ్ల బొగ్గు గనులకు పోయిందెంత, రోడ్డుకు పోయిందెంత, పోడుకు పోయిందెంత, ఏడ రాసిండు అంటది ముత్తక్క. ఆడు ఒప్పుకునేదాక ఎవ్వరు నొక్కలే."

"ఎవరిది వాళ్లు నొక్కచ్చు కదండీ?" అంది రాజ్యశ్రీ.

"మా ఊర్లల్ల ఏదన్న ముచ్చటొస్తే ఎవరికి వాళ్లు చెప్పరు. అందరు కూసొని ఒక్క మాట మీదికొచ్చినంకనే బయటికి చెప్తరు. మీరు రిమోట్ చేతికిచ్చి ఏమనుకుంటున్నరని అడిగితిరి. గాళ్లు గట్లనే చెప్పిన్రు." లేచి నిలబడ్డాడు. "అది సరే గని, ఫోన్ పెట్టేముందు ఆ పిల్లలను అడిగిన్రా?"

రాజ్యశ్రీ కంప్యూటర్ దగ్గరికి జరిగింది. ఆ పేరా తెరిచి మొదటి నుంచి చదివింది. మళ్లీ చదివింది.

"ఇన్నాళ్లూ నేను మొత్తుకున్న వాదన ఇదేనే. నా క్లాసులోనే జరుగుతోంది, నేనే పట్టుకుని దొంగతనం అన్నాను" అంది. ఎంత తిట్టుకున్నా, ఆ క్షణంలో దాన్ని చూస్తే జాలేసింది.

మర్నాడు నన్నూ క్లాసుకు తీసుకెళ్లింది. ఏదీ దాచలేదు. ఫోను పెట్టానంది, విన్నానంది, తప్పు నాదేనంది. ఎవరి మీదా ఫిర్యాదు లేదంది. "మీరు చేసిందే అసలైన చదువు. ముందు కోయలోనే మాట్లాడుకోండి, తర్వాత అదే ఇంగ్లీషులో చెబుదురు గాని" అని కొత్త పేరా వేసింది.

వెనక బెంచీల్లో చడీచప్పుడు లేదు. ఆరుగురూ క్లాసులో అందరికన్నా ముందే, ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఎవరిది వాళ్లు నొక్కేశారు. తలా ఒక జవాబు. ముత్తక్కది తప్పు.

"ఎందుకు మాట్లాడుకోలేదమ్మా?" అని అడిగింది రాజ్యశ్రీ.

ముత్తక్క లేచింది. ముందు వంగి బెంచీ కిందికి చూసుకుంది.

"మాట్లాడుకుంటే దొంగలన్నరు. ఇప్పుడు మాట్లాడుకోమంటున్నరు. గిది గూడ పరీక్షేనా మేడం?"

పొగరుతో అన్న మాటయితే నాకింత బాధ ఉండేది కాదు. ఆ పిల్ల నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"కాదమ్మా, ఒట్టు" అంది రాజ్యశ్రీ.

ముత్తక్క నమ్మలేదు.