మబ్బుల దొరికే పిల్ల

ఇంటి ఓనర్ రామచంద్రం, రెండో అంతస్తులో కిరాయికున్న వాసంతి కూతురు హర్షిణిని శపించాడని హఫీజ్‌పేటలో మా కాలనీ అంతా కోడై కూస్తోంది. ఏడేళ్ల పిల్లను పట్టుకుని "మబ్బుల్లో చూసుకో" అన్నాడట. పాలప్యాకెట్ల దగ్గర పుట్టిన ఈ మాట ఇస్త్రీబండి దాకా నడిచేసరికి "పైకి పోతుంది" అయింది. లింగంపల్లి మార్కెట్ చేరేసరికి దానికి నిమ్మకాయలూ పసుపు కుంకుమలూ తోడయ్యాయి. చదువుకున్నవాళ్లకు పుకారు ఫోన్లో వస్తుంది, చదువుకోనివాళ్లకు నల్లా దగ్గర వస్తుంది. నమ్మడంలో మాత్రం ఇద్దరూ ఒక్కటే. ఇంత అన్యాయం చూస్తూ నోరు మూసుకుని కూర్చుంటే తిన్న అన్నం అరగదు.

రామచంద్రానికి ఉన్న రోగం ఒక్కటే. మనిషి కనబడితే చాలు, "పిల్ల ఎన్నిటికి పండుకుంటది?" అని అడుగుతాడు. బాగున్నావా అనడు, తిన్నావా అనడు. పెళ్లికాని కుర్రాడు ఎదురైనా వదలడు, రేపు పుట్టబోయే పిల్ల సంగతి ఇవాళే తేల్చుకుంటాడు.

వాసంతి, ఆమె భర్త ఉదయ్ భాస్కర్ ఇల్లు చూడడానికి వచ్చిన రోజే ఈ రోగం బయటపడింది.

"నీళ్లు బాగా వస్తాయాండి?" అన్నాడు ఉదయ్ భాస్కర్.

"వస్తయి. పిల్ల ఎన్నిటికి పండుకుంటది?"

"కారు లోపల పెట్టుకోవచ్చాండి?"

"పెట్టుకో. పిల్ల సంగతి చెప్పు."

"పది దాటుతుందండి. ఒక్కోసారి పదిన్నర."

రామచంద్రం తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. ఆయన భార్య బుచ్చమ్మ అదే జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి బయటికి లాగి, "ఆయన గట్లనే అంటడు. మీరు సామాను తెచ్చుకోండ్రి" అని వాసంతి చేతిలో పెట్టింది.

ఒక ఏడాది రామచంద్రం పక్క వీధిలో బారసాలకు పిలిస్తే వెళ్లి, రెండు నిలువుల ఎత్తున్న సౌండు బాక్సుల వైరు పీకేసి వచ్చాడు. "పేరు పెట్టనీకి పిలిచిండ్రు మంచిగనే ఉన్నది. ఆ పేరున్నోన్ని పండనియ్యరా?" అని వాళ్ల మీదే గరమయ్యాడు. భోజనం పెట్టకుండానే పంపారు.

ఇంకో ఏడాది ఎనిమిదిన్నర కొట్టగానే మెట్ల మీద నిలబడి స్టీలు పళ్లాన్ని గరిటెతో మోగించడం మొదలుపెట్టాడు. సైకిళ్లు తొక్కే పిల్లలు ఇళ్లకు పోయిన మాట నిజమే. కానీ అప్పటికే నిద్రపోయిన చంటివాళ్లందరూ ఉలిక్కిపడి లేచి రాగం అందుకున్నారు. కింది వాటాలో ఉండే చలపతిరావు చెవుల్లో దూది పెట్టుకుని బయటికొచ్చి, "అయ్యా, ఇది పడుకోబెట్టడమా, లేపడమా?" అని అడిగాడు. బుచ్చమ్మ పళ్లెం లాక్కుంది. "రేపు దీంట్ల అన్నం తినాల్నా వద్దా?" అని ఆమె గొడవ ఆమెది.

అలాంటి మనిషికీ వాసంతికీ పడుతుందా? మాదాపూర్‌లో ఆమె ఆఫీసు. ఎక్కడో దేశం కాని దేశంలో తెల్లారితే ఇక్కడ ఆమెకు మీటింగులు. క్యాబ్ ఇల్లు చేరేసరికి పదవుతుంది. అప్పటిదాకా హర్షిణి కళ్లు గవ్వల్లా తెరుచుకుని మేలుకునే ఉంటుంది. ఉదయ్ భాస్కర్ పొద్దుగూకగానే వచ్చి పిల్లకు అన్నం పెడతాడు, కథ కూడా చెబుతాడు. కానీ కథలో రాజు గుర్రం ఎక్కకముందే గురక పెడతాడు. ఆ రాజు ఏమయ్యాడో ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

పొద్దున చూస్తే పిల్ల నోట్లో బ్రష్షుతోనే జోగుతుంది. బస్సులో నిద్ర, బళ్లో నిద్ర. టీచరు ఫోను చేసి, బొమ్మలు గీసే పీరియడ్‌లో రంగుల డబ్బా మీదే తలపెట్టి పడుకుందని చెప్పింది. రామచంద్రానికి ఈ సంగతి ఎలా తెలిసిందో కానీ, ఆదివారం గేటు దగ్గర వాసంతిని ఆపాడు.

"బిడ్డా, పిల్లను ఎనిమిదిన్నరకు పండబెట్టు."

వాసంతికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నేనొచ్చేది పదింటికండి. అది ఎనిమిదిన్నరకే పడుకుంటే నా కూతుర్ని నేనెప్పుడు చూసుకోవాలి? ఆ ఒక్క అరగంటే కదా నాకు మిగిలింది."

"గందుకే చెప్తున్న. జల్ది పండుకుంటే నీకు మబ్బుల దొరుకుతది. మబ్బుల చూస్కో."

వాసంతిది తణుకు. ఆమె ఎరిగిన మబ్బులు ఆకాశంలో ఉంటాయి. మొహం పాలిపోయింది, మరుక్షణంలో కందగడ్డ అయింది. పైకి వెళ్లి, "ఇంకో ఇల్లు చూడండి. పిల్లను అంత మాట అన్నాక ఈ గడపలో ఉండను" అంది మొగుడితో. కుండీలకు నీళ్లు పోస్తున్న చలపతిరావు అదంతా విన్నాడు. ఆయనదీ ఆ వైపు ఊరే. ఇక పుకారు ఎలా పుట్టిందో వేరే చెప్పాలా?

ఆ తర్వాత వాసంతికి ఇంకో మంట మొదలైంది. రోజూ క్యాబ్ దిగేసరికి రామచంద్రం గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, మఫ్లర్ చుట్టుకుని కూర్చుని ఉంటున్నాడు. ఆడది ఎన్నింటికి ఇల్లు చేరుతుందో కాపలా కాస్తున్నాడు కాబోలనుకుని, ఆయన గేటు తీస్తే పలకరించకుండా టకటకా పైకి వెళ్లిపోయేది.

ఇల్లు ఖాళీ చేస్తారన్న మాట చెవిన పడి బుచ్చమ్మ పైకి వచ్చింది. "ఏమాయె బిడ్డా? ఎందుకు పోతున్నరు?"

"మా పిల్లను మబ్బుల్లో చూసుకోమన్నారండి మీ ఆయన."

"అవు. మరి మబ్బుల గాకపోతే ఎప్పుడు చూస్తవ్?"

 బుచ్చమ్మ వాసంతి మొహం చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మబ్బుల అంటే కోడికూత యాల్ల బిడ్డా. తెల్లారకముందు. నేను రోజు మబ్బుల లేచి వాకిలి ఊడుస్త. అట్లని రోజు సచ్చి పైకి పోయొస్తున్ననా?"

వాసంతికి సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇల్లు వెతకడం ఆగిపోయింది.

వాసంతి అప్పుడే తీరిగ్గా గమనించిన సంగతి ఒకటుంది. తల్లి వచ్చేదాకా పట్టుబట్టి మేలుకునే హర్షిణి, వారం రోజులుగా ఎనిమిదిన్నరకల్లా బుద్ధిగా పడుకుంటోంది. కోపంలో ఉన్న తల్లి అది కూడా తన మీద అలకే అనుకుంది. మర్నాడు మబ్బుల లేపి చూస్తే పిల్ల నవ్వుతూ లేచింది. కింది పన్ను ఊడిందనీ, పక్క బెంచీ రసజ్ఞకు కటీఫ్ చెప్పి మళ్లీ కలిశాననీ, ఎన్ని ఊసులో. జడలు రెండూ అల్లేదాకా ఆ నోరు మూతపడలేదు. పదింటి అరగంటలో ఇందులో ఒక్క ముక్కయినా వాసంతి చెవిన పడిందా?

"అవునే, నేనొచ్చేదాకా పడుకునేదానివి కాదుగా. ఇప్పుడెలా పడుకుంటున్నావు?"

"నువ్వొచ్చావో లేదో ఎవరు చూడాలి మరి? నాన్న గురక పెడతాడు. అందుకని నేను చూసేదాన్ని. ఇప్పుడు తాత చూస్తున్నాడు కదా."

"ఏ తాత?"

"కింది తాత. నువ్వు పండుకో, మీ అమ్మ వచ్చిందాక నేను పండుకోను, గేటు నేనే తీస్త అని ఒట్టు పెట్టాడు."

చేతిలో ఉన్న రిబ్బను అలాగే పట్టుకుని వాసంతి కిందికి దిగింది. రామచంద్రం మెట్ల మీద కూర్చుని, దవడలు ఊడిపోయేలా ఆవులిస్తున్నాడు. కళ్లు మిరపపళ్లలా ఉన్నాయి. "ఊరందరికి నిద్ర నేర్పుతడు, ఈన మాత్రం పొద్దంత కునుకుతడు" అని లోపలినుంచి బుచ్చమ్మ గొణుగుతోంది.

వాసంతి ఆయన ముందు నిలబడి, పుట్టి బుద్ధెరిగాక ఆయన్ను ఎవరూ అడగని మాట అడిగింది.

"అంకుల్, మరి మీరెన్నింటికి పండుకుంటారు?"

రామచంద్రం ఆవులింత సగంలో ఆపి, కోపంగా చూశాడు.

"నన్నేం అడుగుతవ్ బిడ్డా? మీ మేనేజర్ని అడుగు."